ఓడప్రయాణమున చీజు పళ్ళెము



విదేశములందున్న బిడ్డలను చూడబోయిన తల్లులు నేడు విహారనౌకలు కూడ నెక్కి వచ్చుచున్నారు. అట్టివారికి మా యనుభవ మొకటి యుపయోగపడునని వ్రాయుచున్నాము.

తోడికోడండ్ర మిద్దరమును మా యత్తగారిని వెంటబెట్టుకొని బార్సిలోనా రేవున ఓడ నెక్కితిమి. ఏడు రాత్రుల ప్రయాణము. మార్సెయి, జెనోవా, నేపుల్స్ దారిలో తగులును. మా యత్తగారు గ్రుడ్డైనను ముట్టరు.

రాత్రి భోజనము తుదిని చీజు పళ్ళెము తెచ్చుట పాశ్చాత్యుల మర్యాద. ఫ్రెంచివారు తీపి పదార్థమునకు ముందును, ఇంగ్లీషువారు తరువాతను దీనిని తిందురు. మా బల్లమీదికి నీలిచారల గోర్గొంజోలా, మెత్తని బ్రీ, గట్టి పార్మిజానో వచ్చినవి. ముక్కలు మంచువలె చల్లగానుండి, అంచు లెండియుండెను. రుచి తెలియలేదు.

ఇందుకు కారణము లేకపోలేదు. వేలమందికి వడ్డింపవలసియుండుటచే ముందుగానే కోసి చలిపెట్టెలలో నుంచుదురు. పైగా ఆరోగ్యనియమములు కఠినములు. అమెరికా రేవులకు బోవు ఓడలను 1975లో నారంభమైన ప్రభుత్వ తనిఖీవారు పరీక్షించి 100కు మార్కులు వేయుదురు. 86కు తగ్గినచో ఓడ తప్పినట్లే. చల్లని పదార్థములను సాధారణముగా 5 డిగ్రీల సెల్సియసునకు మించనీయరాదని వారి నియమము. కాని చీజునకు పరిమళము చలి విడిచిన పిమ్మటనే వచ్చును. కావున భోజనారంభముననే పళ్ళెము తెప్పించుకొని, అరగంట యట్లుంచి, చివర తినుట మేలు. అట్లు చేసిన మరునాడు పార్మిజానో మా యత్తగారికి మిక్కిలి నచ్చినది. "ఇది శాకాహారమేనా?" యని మేమడుగగా వడ్డించువాడు "పాలతో చేసినదే గదా!" యనెను. మేమును నమ్మితిమి.

నేపుల్స్ నగరమున దిగి యొక చీజు దుకాణమునకు బోతిమి. ఆ ప్రాంతపు మొజరెల్లా గేదెపాలతో చేయుదురు. పేరిన పాలముద్దను సలసలకాగు నీటిలో సాగదీసి ఉండలు త్రుంచి, నీళ్లలో నుంచుదురు. కోసినచో పాలు కారును. గేదెపాలనగానే మా యత్తగారికి పుట్టినిల్లు జ్ఞప్తికి వచ్చినది. ఉండను చేతబట్టుకొని, "వీరు పాలకు తోడు దేనితో వేయుదురో అడుగుడు" అనిరి.

ఇంగ్లీషు కొంచెము తెలిసిన దుకాణదారు దాచక చెప్పెను. చంపిన పాలదూడ కడుపులోని నాల్గవ అరనుండి తీసిన రసముతో పేరబెట్టుదురట. దానిని రెన్నెట్టందురు. పార్మిజానో, గోర్గొంజోలాలకును అదియేనట.

మా యత్తగారు మా ముఖములవంక చూచుచుండిరి. "నిమ్మరసమని చెప్పుదము" అని మా తోడికోడలు చెవిలో ననెను. మాకు నోరు రాలేదు. కడపట ఉన్నమాట చెప్పితిమి. ఆమె ఉండను మెల్లగా బల్లపై పెట్టి, "ఓడలో తిన్నదియు నిట్టిదేనా?" యని యడిగిరి. ఔనంటిమి. ఆ రాత్రి ఆమె పండ్లు మాత్రమే తినిరి.

మరునాటి యుదయమున మమ్ము పిలిచి, "అమ్మాయిలారా! తెలియక తిన్నదానికి ఏడ్చి లాభము లేదు. నిన్న మీరు నిమ్మరస మనియుండి, అది నాకు తరువాత తెలిసియున్నచో, మీ చేతి యన్నమును గూడ నమ్మలేకపోయెడిదానను" అనిరి. మా తోడికోడలు తల వంచుకొనెను.

తరువాత ఓడలోని పెద్ద వంటవానినే చూచితిమి. అతడు విసుగుకొనక పొట్లములపై చీటీలు చదివి చూపెను. వానిలో నొక చెడ్డార్ చీజు సూక్ష్మజీవులనుండి తీసిన రెన్నెట్టుతో చేసినది. పోర్చుగల్ దేశపు సెర్రా దా ఎస్ట్రెలా అను గొర్రెపాల చీజును ముండ్లమొక్క పూవుతో పేరబెట్టుదురనియు నతడు చెప్పెను. మా యత్తగారు చెడ్డార్ ముక్క నొకదానిని, చలి విడిచినదాక ఆగి, తృప్తిగా తినిరి.

మన దేశపు పొట్లములపైని పచ్చచుక్క యచ్చటి పొట్లములపై నుండదు. కావున సోదరీమణులు "ఇది శాకాహారమా?" యని మాత్రమడిగి యూరకుండక, "పాలను దేనితో పేరబెట్టితి?" రని యడుగవలెను. మా యత్తగారు తొలుతనే అడిగిన ప్రశ్న యిది, మాకు తోచనిది.