మోతీని ఎవరికి అప్పజెప్పాలి?

వార్షిక సంచికకు ఏదైనా రాయండర్రా అని మా తెలుగు లెక్చరరుగారు అడిగేసరికి మిత్రులందరూ మంచి మంచి విషయాలన్నీ ముందుగానే పంచేసుకున్నారు. ఒకరు నిరుద్యోగ సమస్య తీసుకున్నారు. ఒకరు రాయలసీమ కరువు. ప్రేమ సంగతి సరేసరి, దానికి నలుగురు పోటీ. చివరకు నా వంతుకు మిగిలింది కుక్క. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కానీ పోయిన దసరా సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ కాశీకి పోవలసి వచ్చినప్పుడు ఆ పదకొండు రోజులూ కుక్కను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న మా ఇంట్లో ఇరవై రోజులు నలిగింది. ఈ సంచిక అందుకునే పూర్వ విద్యార్థుల్లో బెంగుళూరులోనో, హైదరాబాదులోనో కుక్కను పెంచుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఇదే ప్రశ్నతో తల పట్టుకునేవారు కొందరైనా ఉంటారని నా నమ్మకం.

మాది తుమ్మలపల్లె. కడప జిల్లా, వేముల మండలం, పులివెందులకు దగ్గర. ఒకప్పుడు చెనిక్కాయ చేలకూ, అరటి తోటలకూ తప్ప మా ఊరి పేరు ఎవరికీ పట్టేది కాదు. వేంపల్లె రాళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే డోలోమైటు పొరల్లో యురేనియం ఉందని తేలడం, గని రావడం, 2012లో శుద్ధి కర్మాగారం మొదలు కావడం... దాంతో ఊరి పేరు ఢిల్లీ దాకా పోయింది. గనితో బాటు ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. వాళ్లతో బాటు వాళ్ల కుక్కలూ వచ్చాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మోతీ మా తాత కుక్క. నాటు కుక్కే. నల్లటి ఒళ్లు, ఒక చెవి మీద తెల్లమచ్చ, పదకొండేళ్ల వయసు. తాత చేనికి పోతే వెనకాల, వస్తే ముందర. పోయిన సంవత్సరం తాత పోయినాక నాలుగు రోజులు సంగటి ముద్ద ముట్టలేదు. అరుగు మీద తాత మంచం ఉండే చోట పడుకొని వాకిలి వైపే చూస్తూ ఉండేది. ఐదో రోజు మా జేజి పక్కన కూర్చొని, "నువ్వు తినకపోతే నేనూ తినను పో" అని మొండికేసింది. ఎవరు ముందు తిన్నారో నాకు తెలియదు కానీ, ఆనాటి నుంచి ఇద్దరికీ విడదీయరాని పొత్తు.

ఏడాది తిరిగేలోగా తాత అస్థికలు గంగలో కలపాలని జేజి పట్టు. నాయన టిక్కెట్లు తీసుకొచ్చాడు. తీరా తెచ్చాక జేజి ఏమందంటారు?

"ధర్మరాజు కుక్కను ఇడ్సిపెట్టి సొర్గానికే పోనన్యాడు. నేను కాశికి యాట్ల పోతారా అబ్బీ?"

మహాప్రస్థానంలో ఇంద్రుడు రథం తెచ్చి నిలిపినా, వెంట వచ్చిన కుక్కను వదలి ఎక్కనన్న ధర్మరాజు కథ మా జేజికి తోలుబొమ్మలాటల కాలం నాటి నుంచీ తెలుసు. పైగా కాశీకి కొత్వాలు కాలభైరవుడు, ఆయన వాహనం కుక్కేనాయె! నాయన దగ్గర సమాధానం లేదు. "రైల్లో తీసుకుపోదాం" అన్నాను నేను. విచారిస్తే తేలిందేమంటే, ఏసీ మొదటి తరగతిలో గది మొత్తం మన పేరిటే తీసుకుంటే కుక్కను మనతో కూర్చోబెట్టుకోవచ్చు. స్లీపరులో గానీ, మిగతా ఏసీ తరగతుల్లో గానీ కుదరదు. లేదంటే సామాను లెక్కన డబ్బు కట్టి గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో వేయాలి. కీళ్లు పట్టిన ముసలి కుక్కను రెండు రాత్రులు ఇనప గూట్లో పెట్టడమా! మొదటి తరగతి గది ఖరీదుకు మా చెనిక్కాయ పంట చాలదు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇక గని మనుషుల కుక్కల సంగతి. రెండేళ్ల కిందట జార్ఖండు నుంచి వచ్చిన ఒక ఉద్యోగి, పిల్లల వేసవి సెలవులకు సొంతూరు పోతూ తన లాబ్రడారును మా చిన్నాయనకు అప్పజెప్పాడు. కుక్కతో బాటు టైపు చేసిన రెండు కాగితాలు ఇచ్చాడు. ఏ వేళకు ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఉరుము ఉరిమితే ఏం చేస్తుంది, పశువుల డాక్టరు ఫోను నంబరు, ఖర్చయితే ఎంతవరకు అడగకుండా పెట్టుకోవచ్చు... అన్నీ ఉన్నాయి. ఊరంతా ఆ కాగితాలు చదివించుకొని విరగబడి నవ్వింది. "కుక్కకు పరీక్ష పేపరు ఇచ్చినాడప్పా" అన్నారు.

ఆ మే నెల ఎండలు మీకు తెలియనివి కావు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త, మిగతాదంతా నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లదనం. అందులోనూ చలిదేశపు బొచ్చు జాతి! మూడో రోజు మధ్యాహ్నం లాబ్రడారు తూలి పడిపోయింది. చిన్నాయన ఆ కాగితం తీస్తే అందులో ఆ ముక్కా ఉంది: నీడకు చేర్చి, పాదాలూ పొట్టా మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేట్టు ఉంచి, వెంటనే డాక్టరుకు ఫోను చేయమని. చేశాడు. కుక్క బతికింది. ఆ తర్వాత ఆ కాగితాల మీద ఎవరూ నవ్వలేదు. సెలవులు ముగిసేసరికి ఆ దొరబిడ్డ సంగటి ముద్ద, మజ్జిగన్నం మరిగింది. తీసుకుపోవడానికి యజమాని వస్తే అతని మీద పడి ఎగిరింది, వెంటనే చిన్నాయన కాళ్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. పాపం, అతను కాసేపు నొచ్చుకున్నాడు. నాకైతే అది ఆ పెద్దమనిషి ఎంపికకు వచ్చిన మంచి మార్కులనిపించింది.

మా మోతీ విషయానికొస్తే, మొదట నేను పట్నంలో కుక్కల్ని ఉంచుకునే చోటు ఒకటి చూసి వచ్చాను. పేరు ఎందుకులెండి. ముందుగా ఫోను చేయకుండా మధ్యాహ్నం పూట పోయాను. చెప్పి పోతే చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు సర్దుతారు కదా! అబద్ధమెందుకు, శుభ్రంగానే ఉంది. లోపలికి అడుగు పెట్టనిచ్చే ముందే టీకాల కార్డు ఉందా అని అడిగారు. అది నాకు నచ్చింది. మన కుక్క కార్డు అడగని చోట పక్క గూట్లో కుక్క కార్డు కూడా అడిగి ఉండరన్నమాట. కానీ తొమ్మిది కుక్కలకు ఒకే కుర్రాడు. రాత్రి తాళం వేసి అతనూ ఇంటికి పోతాడు. పైన రేకులు. కింద సిమెంటు. రోజుకు 500 రూపాయలు. రేయింబవళ్లు మనిషి ఉండి, నలుగురు కుక్కల మధ్య పెరిగిన పడుచు కుక్క అయితే ఇటువంటి చోటు బాగానే ఉంటుంది, ఆడుకుంటుంది కూడా. పదకొండేళ్లుగా వేపచెట్టు కింద పడుకున్న కుక్కకు ఆ గూడు జైలే.

మా గొర్రెల మామ "మందతో పంపు, ఎన్ని కుక్కలు లేవు నా దగ్గర" అన్నాడు. ఆయన మనసు మంచిదే. కానీ మంద ఒకచోట ఉండదు, మోతీ కాళ్లు అంత దూరం నడవవు. హాస్టల్లో దాచేద్దామని మా రూమ్మేట్లు ఉత్సాహపడ్డారు. వార్డెనుగారు ఈ సంచిక చదువుతారు గనుక ఆ పథకం వివరాలు ఇక్కడ రాయను. మా మేనత్త సలహా అన్నింటికంటే తేలిక: "గొలుసేసి కట్టి, ఎవరినన్నా ఇంత ముద్ద పారేయమంటే సరి." పదకొండు రోజులు కట్టు మీదున్న కుక్క ఎంత సాధువైనా కరుస్తుంది. వదిలేస్తేనా, మెడపట్టీ లేని కుక్క ఎవరి కంటికైనా వీధికుక్కే. 2025 ఆగస్టులో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో కూడా కుక్క కనబడితే జనం చూసే చూపు మారింది. దాన్ని తప్పనను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. 1885లో పాశ్చరు టీకా కనిపెట్టి ఇన్నేళ్లయినా ఆ భయం తీరలేదంటే, కుక్కను పెంచే మనం టీకా విషయంలో ఎంత బద్ధకస్తులమో తెలుస్తూనే ఉంది.

టీకా కోసమే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదువుతున్న నా స్నేహితుణ్ణి అడిగాను. ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించు అన్నాడు. ఆ తర్వాత అతను అడిగిన ఒక్క ప్రశ్న మా ఇరవై రోజుల చర్చనూ తేల్చేసింది.

"మీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు అది యాడికి పోతాది?"

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ ప్రశ్న నేను మళ్లీ అడిగాను. అందరూ కంచాల్లోకి చూశారు. ఎందుకంటే జవాబు అందరికీ తెలుసు. మా పెద్దమ్మ కొట్టంలోకి.

పెద్దమ్మ అంటే మా దాయాదుల ఇంటి కోడలు, జేజికీ కోడలి వరసే. రెండిళ్లకూ నడుమ ఒక్క గోడ. మూడేళ్ల నుంచి మాటల్లేవు. చేని గట్టు ఎవరిదన్న దగ్గర మొదలై, చివరికి చావుకూ పెళ్లికీ కూడా పిలుచుకోని దాకా వచ్చింది. తాత పోయిన నాడు ఆమె వచ్చి వాకిట్లో నిలబడి పోయింది, లోపలికి రాలేదు. మనుషుల మధ్య గోడ లేచినా మోతీ మాత్రం రోజూ మధ్యాహ్నం ఆ కొట్టంలో గడ్డివాము నీడన పడుకొని, ఆమె పెట్టే గంజి తాగి వస్తూనే ఉంది. మాకు తెలుసు. మాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

"చిన్నాయన ఇంట్లో ఉంచుదాం" అన్నాడు నాయన. చిన్నాయన అప్పటికే బద్వేలుకు మారిపోయాడు. కుక్కకు మనిషి మారితే కొంత కష్టం, చోటు మారితే కొంత కష్టం. రెండూ ఒకేసారి మార్చడం ముసలిదానికి అన్యాయమని నా వాదన. దానికి క్యాలెండరు తెలియదు కదా! పదకొండు రోజులని మనకు తెలుసు. దానికి తెలిసిందల్లా పోయినవాడు ఒకడు ఇంకా రాలేదని. జపానులో హచికో అనే కుక్క, 1925లో యజమాని చనిపోయాక షిబుయా స్టేషను దగ్గర 1935లో తాను చచ్చిపోయేదాకా ఎదురుచూస్తూనే ఉంది. దాన్ని అందరూ విశ్వాసానికి గుర్తుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం, దానికి ఎవరూ విషయం చెప్పలేకపోయారే అనిపిస్తుంది.

మరునాడు పొద్దున జేజి ఎవరికీ చెప్పకుండా లేచి పోయింది. నేను గోడ ఇవతల నుంచి విన్నాను.

"ఏమ్మే, కాశికి పోతాండాం. పదకొండు దినాలు."

లోపల చీపురు చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ లేదు.

"పొయ్‌రాండి అత్తా."

"ఈడు... తినడు, నేను లేకపోతే."

"నా కొట్టంలోనే గదా పండుకుండేది. కొత్తగా అడిగేదేముండాది?"

"అడగాల గదా" అంది జేజి.

మళ్లీ చీపురు చప్పుడు మొదలైంది. కాసేపటికి పెద్దమ్మ గొంతు: "రాత్రిపూట మాత్రం వాడు మీ అరుగు ఇడ్సి రాడు. మా మనవణ్ణి ఆడ పండుకోమంటాలే."

ఆ సంగతి మేము చెప్పనే లేదు. రాత్రి మోతీ ఎక్కడ పడుకుంటుందో, ఎందుకు పడుకుంటుందో ఆమె గోడ అవతల నుంచి చూస్తూనే ఉందన్నమాట.

నేను కూడా ఆ జార్ఖండు ఆయనలాగా రెండు కాగితాలు రాశాను. కీళ్లనొప్పికి డాక్టరుగారు రాసిన మాత్ర ఎప్పుడెయ్యాలి, మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు ఎందుకు వేయకూడదు, ఎర్రగడ్డలూ ద్రాక్షా పెట్టొద్దు, మనం తాగే నీళ్లే పోయాలి, గోమార్లు పడితే ఏ మందు. పెద్దమ్మకు చదువు రాదు. పదో తరగతి చదివే మనవడు గట్టిగా చదివి వినిపించాడు. అంతా విని, "మాత్రను బెల్లంలో పెట్టి ఇస్తే మింగుతాడు. మీరు ఊరికే గొంతులో కుక్కుతాండారు" అంది. నేను కాగితం మీద ఆ వాక్యం చేర్చాను. తాత పాత తువ్వాలు ఒకటి ఉతక్కుండా అరుగు మీద పరిచి వచ్చాం, వాసన తెలిసేట్టు. దీపావళికి ముందే తిరిగొచ్చేట్టు టిక్కెట్లు ఉండడం మా అదృష్టం. టపాకాయల రాత్రి బెదిరి పారిపోయిన కుక్కలను నేను చాలానే చూశాను.

కాశీలో జేజి రోజూ సాయంత్రం ఫోను అడిగేది. కుర్రాడు ఎత్తేవాడు. మొదటి రెండు రోజులు సగం ముద్దే తిన్నాడు. మూడో రోజు మొత్తం. ఆరో రోజు ఫోను పెద్దమ్మే ఎత్తింది. ఆ రోజు కుక్క సంగతి రెండు నిమిషాలు, మిగతా సంగతులు అరగంట. నాయన రైలు డబ్బులు లెక్క చూసుకుంటున్నట్టు నటించాడు.

తిరిగొచ్చిన నాడు మోతీ ఎగిరి మీద పడలేదు. లేచి వచ్చి నలుగుర్నీ ఒక్కొక్కరినే వాసన చూసింది, జేజిని రెండుసార్లు చూసింది, మళ్లీ పోయి కొట్టంలో మిగిలిన గంజి తాగి వచ్చి పడుకుంది. పెద్దమ్మ డబ్బు తీసుకోలేదు. గంగ చెంబు, కాశీదారం తీసుకుంది.

గట్టు సంగతి ఇంకా తేలలేదు. సంక్రాంతి దాటినాక సర్వేయరు వస్తాడట. కొత్తవాళ్లను చూస్తే మోతీ ఊరుకోదు గనుక, ఆ రోజు దాన్ని ఎవరింట్లో కట్టెయ్యాలా అని రెండిళ్ల ఆడవాళ్లూ ఇప్పుడు గోడ మీద నుంచి మాట్లాడుకుంటున్నారు.