అమ్మ ప్రయాణకాలం

సాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి ఆకాశమార్గాన దాదాపు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరి 9 రాత్రి అక్కణ్ణుంచి బయల్దేరిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా పదిహేడు గంటల్లో బెంగుళూరు చేరింది. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్... నడిపిన నలుగురూ ఆడవాళ్ళే. ఎంత పొంగిపోయానో!

ఆ రెండు ఊళ్ళకీ దగ్గరి దారి ధ్రువం వైపుగా ఉందంటే గోడ మీది పటం చూసి నమ్మలేం. గ్లోబు మీద దారం పెట్టి చూడాలి. 2023 చివర్లో అక్క పురిటికి బయల్దేరే ముందు అమ్మకి అలాగే చూపించాను. "పదిహేడు గంటలేనా?" అంది.

అంతే, ఓ గంట అటూ ఇటూ. కానీ అనంతపురంలో మా ఇంటి గడప దాటడానికి అమ్మకి రెండు నెలలు పట్టింది. మంచాన పడిన అవ్వకి మనిషిని కుదర్చాలి. నాన్నకి షుగరు, వేళకి తిండి పడాలి. తీరా వంటమనిషి దొరికాక, పరాయి చేతి కూడు తిననని నాన్న వారం రోజులు అలిగాడు. కాన్సులేటు వాళ్ళే నయం, మూడు ప్రశ్నలతో వదిలేశారు!

పురిటికని బయల్దేరిన మనిషి అక్కడ దిగేసరికి బిడ్డకి పదకొండు రోజులు.

పరిశోధన కోసం చదివిన వలస కథల్లో విమానమెక్కే అమ్మలు చాలామందే కనిపించారు. ఎక్కేముందు ఇంట్లో ఎవరికి ఏం ఒప్పజెప్పి వచ్చారన్నది మాత్రం నాకు అరుదుగానే కనిపించింది.

చలికాలంలో అక్కడి టైము మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. అమ్మ తన చేతి గడియారం మార్చలేదట. నాన్న మాత్రల వేళకి ఫోన్ చెయ్యాలిగా!