అవ్వ చెరిపిన పాట

నేను పుట్టింది సిరిసిల్ల, మెట్టింది కోరుట్ల, ఇప్పుడు ఉంటున్నది జగిత్యాల. అరవై రెండేళ్ల బతుకంతా ఈ మూడు ఊళ్ల నడుమే గడిచిపోయింది. మా ఇంట్లో అటక మీద ఒక చెక్కపెట్టె ఉంది. అందులో రెండు ఇత్తడి చెంబులు, మా అవ్వ బీడీలు చుట్టిన చాట, ఒక కేసెట్టు ఉంటాయి. ఆ కేసెట్టును ఇరవై తొమ్మిదేళ్లుగా నేను వినలేదు. తీయడం, తుడవడం, మళ్లీ పెట్టడం... అంతే. వినే ధైర్యం లేకపోయింది.

మొన్న డిసెంబరులో అమెరికా నుంచి నా బిడ్డ కొడుకు సెలవులకు వచ్చాడు. పదహారేళ్లవాడు. గిటారు నేర్చుకుంటున్నాడు. ఎప్పుడు చూసినా చెవుల్లో పాటలే. ఒకరోజు అటక సర్దుతుంటే వాడి కంట ఈ కేసెట్టు పడింది. బంగారం దొరికినట్టు ఎగిరాడు.

"అమ్మమ్మా, మా దగ్గర ఒక బ్యాండు ఉండేది తెలుసా? వాళ్ల పాటలన్నీ ఇలాంటి కేసెట్లలోనే ఊరూరా తిరిగాయి" అన్నాడు.

ఆ బ్యాండు పేరు గ్రేట్‌ఫుల్ డెడ్ అట. 1965లో కాలిఫోర్నియాలో మొదలైందట. ముప్పై ఏళ్లలో 2300కు పైగా కచేరీలు చేశారట. వినవచ్చిన వాళ్లు టేప్ రికార్డర్లు తెచ్చుకుని రికార్డు చేసుకుంటామంటే వద్దనేవారు కాదట. 1984 నుంచి అలాంటివాళ్లకు కచేరీలో వేరే చోటు కూడా కేటాయించారట. ఒకటే షరతు... ఆ కేసెట్లు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు గానీ అమ్ముకోకూడదు. 1995లో వాళ్లలో ముఖ్యుడు జెర్రీ గార్సియా చనిపోయాక ఆ పేరుతో పాడటం ఆపేశారు. అయినా మిగిలినవాళ్లు వేరే పేర్లతో పాడుతూనే వచ్చారు. అరవై ఏళ్లయిన సందర్భంగా 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు రోజులు కచేరీ జరిగితే జనం పోటెత్తారని వాడు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది.

"మాకూ ఒక బ్యాండు ఉండెరా" అన్నాను.

వాడు నమ్మలేదు. నమ్మించడానికి నా కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది.

* * *

మా బ్యాండుకు గిటార్లు లేవు. డప్పు, డోలక్, కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగడి. అంతే. పేరు జననాట్య మండలి. హైదరాబాదులో సినిమాలూ బొమ్మలూ అంటే ప్రాణంపెట్టే బి.నర్సింగరావు 'ఆర్ట్ లవర్స్' అని ఒక బృందాన్ని నడిపేవారు. అందులోంచి 1972లో ఈ మండలి పుట్టింది. తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్ దాని ప్రధాన గొంతు. పాటల పుస్తకం మీద వేసిన 'గద్దర్' అన్న పేరే ఆయన పేరైపోయింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు తోడయ్యారు. అక్కడి యాస, ఇక్కడి యాస ఒకే వేదిక మీద కలిశాయి.

వాళ్ల పాట ఎందుకు అంత తొందరగా పాకిందో నాకు తెలుసు. బాణీలు మనవే. నాటు వేసేటప్పుడు పాడుకునేవి, బిడ్డను ఊయలలో ఊపుతూ పాడేవి, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడేవి... వాటిలో కొత్త మాటలు పోశారు. ఒక్కసారి వింటే నోటికి వచ్చేది. అక్షరం ముక్క రాని మా అవ్వ, చాట ముందు పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ మొత్తం పాట పాడేసేది. దాని వెనక ఉన్న రాజకీయం ఆమెకు తెలియదు. కూలి గురించి పాడితే మాత్రం తన గురించే అనుకునేది.

మా బాపు, అన్న సాంచెల మీద పని చేసేవారు. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచెలంటాం. పన్నెండు గంటల డ్యూటీ. సాంచెల చప్పుడులో పక్కవాడి మాట వినబడదు. అందుకే మా ఊళ్లో అందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటు. అన్న గొంతు మరీ పెద్దది. డ్యూటీ దిగి పల్లెల్లో ఎక్కడ పాట ఉంటే అక్కడికి సైకిలేసుకుని పోయేవాడు. డప్పు కొట్టడం అలాగే నేర్చుకున్నాడు.

1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల పెద్ద సభ జరిగింది. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అప్పుడు నాకు పదిహేనేళ్లు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మా దగ్గర ఎటు నుంచి ఎవరి చావు కబురు వస్తుందో తెలిసేది కాదు. ఎవరి దారి మంచిదో వాదించుకునేవాళ్లు వాదించుకుంటారు. రెండు వైపులా ఏడ్చింది మాత్రం తల్లులే. రాత్రి ఎవరు తలుపు కొట్టినా బాపు వణికిపోయేవాడు.

"పాట కడుపు నింపదురా. పానం తీస్తది" అనేవాడు అన్నతో.

"పాట పాడకుంటె కడుపు నిండుతున్నదా బాపూ?" అని అన్న.

* * *

నాకు పెళ్లయి కోరుట్ల వచ్చాను. మా అత్తగారి వాడలో ఇంటికొకరు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉండేవారు. ఆ మాట బాపు చెవిన వేసింది నేనే. అన్నను పంపిస్తే పాట నుంచీ, భయం నుంచీ తప్పించినట్టవుతుందనుకున్నాను. వీసాకు అప్పు చేశాం. ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ దొరికిన పని ఇంకొకటి. సిమెంటు మోశాడు. అయినా మూడేళ్లకు వచ్చినప్పుడు టూ ఇన్ వన్ తెచ్చాడు. దాన్ని చూడటానికి వాడంతా వచ్చింది.

1985లో గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. అంతకుముందే బ్యాంకు ఉద్యోగం వదులుకున్నాడు. మనిషి కనబడకపోయినా పాట ఆగలేదు. కేసెట్టు నుంచి కేసెట్టుకు ఎక్కించుకునేవారు. నాలుగో చేతికి వచ్చేసరికి మాటల కన్నా గరగర ఎక్కువ ఉండేది. అయినా వినేవాళ్లం.

1990 ఫిబ్రవరిలో ఆయన మళ్లీ బయటికి వచ్చాడు. హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో సభ. అన్న అప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. బాపుకు చెప్పకుండా లారీ ఎక్కి పోయాడు. రెండు రోజులకు వచ్చాడు. గొంతు పోయింది. కళ్లు మెరుస్తున్నాయి. సంచిలో ఒక కేసెట్టు.

"అవ్వా, ఇగ ఇది నీకే. నేను పోయినంక ఇను" అన్నాడు.

ఆ కేసెట్టే ఇది.

1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. బాపు మళ్లీ మొదలుపెట్టాడు... ఆ కేసెట్టు ఇంట్లో ఉండొద్దు, పొయ్యిలో పడేయండి అని. అవ్వ ఒప్పుకోలేదు. కొడుకు చేత్తో ఇచ్చినది. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి అవ్వే ఉపాయం ఆలోచించింది.

"పాట పోతె పోనీ. డబ్బ ఎందుకు కాలవెట్టుడు? దీనిమీద నా మాటలు ఎక్కిచ్చి పిలగానికి పంపుత" అంది.

ఆ రోజుల్లో చదువురాని తల్లులకు కేసెట్టే ఉత్తరం. ఫోను మాట్లాడాలంటే నిమిషానికి ఎంతో లెక్క. అందుకే మాటలు కేసెట్టులో నింపి, దుబాయ్ పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. కేసెట్టు వీపున ఉండే చిన్న పలుకు విరిచి ఉంటే దాని మీద రికార్డు కాదు. ఆ సందులో నేనే కాగితం మడిచి కుక్కాను. రెండు గుండీలు కలిపి నొక్కాను. అవ్వ మాట్లాడింది. పాట చెరిగిపోయింది.

1993లో మా వాడకట్టు పిల్లవాడి చేత పంపించాం. అందిందని అన్న ఫోను చేశాడు. "జవాబు పంపుత, అచ్చేటోళ్లు ఉంటె ఇచ్చి పంపుత" అన్నాడు. వచ్చేవాళ్లు ఎవరూ దొరకలేదో, తీరిక దొరకలేదో.

1996లో అన్నే వచ్చాడు. పెట్టెలో. గుండె ఆగిపోయిందన్నారు. గదిలో ఉండేవాళ్లంతా చందాలు వేసుకుని పంపారు. వాళ్లకే అప్పులున్నాయి. సామాన్ల మూటలో ఈ కేసెట్టు కూడా వచ్చింది. దాని మీద పెన్నుతో 'అవ్వకు' అని రాసి ఉంది. అంటే జవాబు ఉందన్నమాట.

పెడదామా అని అడిగితే అవ్వ వద్దంది.

"మనిషి లేని గొంతు ఎట్లినాలె బిడ్డా?" అంది.

మరుసటి ఏడు, 1997 ఏప్రిల్‌లో గద్దర్ మీద ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. రేడియోలో విని అవ్వ చాట పక్కన పెట్టేసింది. "ఆ పిలగాడు బతుకుతడా?" అని నాలుగు రోజులు కనబడిన వాళ్లనల్లా అడిగింది. ఆయన బతికాడు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. తర్వాత తెలంగాణ ఉద్యమంలో ఆయన పాట ఊరూరా మోగింది. అప్పటి వరకు కేసెట్టు దాచుకున్న ఊళ్లే మైకు పెట్టి పాడించాయి. చివరి రోజుల్లో ఆయన దారి మారింది. 2018లో మొదటిసారి ఓటు వేశారు. 2020 ఆగస్టులో వంగపండు, 2023 ఆగస్టు 6న గద్దర్ వెళ్లిపోయారు. గద్దర్‌కు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టారు. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. అది టీవీలో చూస్తుంటే బాపు గుర్తొచ్చాడు. ఏ పేరు ఇంట్లో వినబడితే వణికాడో, ఆ పేరుతో బహుమతులు!

బాపు 2001లో, అవ్వ 2009లో పోయారు. ఇద్దరూ ఆ కేసెట్టు వినలేదు.

* * *

మనవడు అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ అమెరికా బ్యాండు పేరు వెనక కథ చెప్పాడు. జానపద కథల్లో ఒకడుంటాడట. దారిన పోతుంటే అప్పులున్న మనిషి శవం కనబడుతుంది. అప్పు తీరిస్తే గానీ పూడ్చనివ్వరు. వీడు తన దగ్గరున్న డబ్బంతా ఇచ్చి అంత్యక్రియలు చేయిస్తాడు. ఆ చనిపోయినవాడు మేలు మరవకుండా తర్వాత వచ్చి ఇతన్ని ఆదుకుంటాడు. నిఘంటువు తిరగేస్తుంటే ఆ మాట కంటబడి బ్యాండుకు పెట్టుకున్నారట.

చందాలు వేసి అన్నను ఇంటికి పంపిన ఆ గదిలోని పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ల పేర్లు కూడా మేం అడగలేదు.

"పెడదామా అమ్మమ్మా?" అన్నాడు వాడు.

అన్నను దుబాయ్ పంపమన్నది నేను. పాట చెరపడానికి కాగితం కుక్కింది నేను. 'ఎందుకు పంపినవ్ చెల్లే' అని అన్న అందులో అడిగి ఉంటే? ఇన్నేళ్లూ నా భయం అదే. అది ఎవరికీ చెప్పలేదు. వాడికి చెప్పాను.

జగిత్యాలలో పాత రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్లాం. కేసెట్టు లోపలి మెత్త ఊడిపోయింది. ఆయన రీలును జాగ్రత్తగా ఇంకో డబ్బాలోకి మార్చాడు. తన టేప్ రికార్డరుకు రబ్బరు బెల్టు కొత్తది వేసి, హెడ్డు తుడిచి ఇచ్చాడు. "ఒక్కసారి తిరుగుతదని చెప్పగలను. రెండోసారి నీ అదృష్టం" అన్నాడు. మనవడు ఫోనును దానికి తగిలించి సిద్ధంగా కూచున్నాడు.

ముందు సాంచెల చప్పుడు వచ్చింది. మా పాత ఇంటి వెనక సాంచెలు. ఆ తర్వాత అవ్వ.

"కొడుకా... మంచిగున్నవా? బువ్వ తింటున్నవా? ఎండల తిరుగకు..." పది నిమిషాలు. అప్పుల సంగతి, నా బిడ్డకు పళ్లు వచ్చిన సంగతి, గేదె ఈనిన సంగతి. మాట మధ్యలో టక్కున ఆగింది. అప్పుడు కరెంటు పోయింది, నాకు గుర్తుంది. ఆ వెంటనే డప్పు... అవ్వ చెరపకుండా మిగిలిన పాట సగం నుంచి మొదలైంది. అలా పాటలన్నీ అయిపోయాయి. చివర కొంచెం ఖాళీ. ఆ ఖాళీలో అన్న.

"అవ్వా, నీ మాటలు ఇన్న. గదిల అందరం ఇన్నం. నువ్వు మా అందరికి చెప్పినట్టే ఉన్నది. మొదటి పాట చెరిగిందని బాధపడకు. నాకు యాదికున్నది. నేను పాడుత, ఇను."

పాడాడు. ఎవరో పళ్లెం మీద డప్పులా వాయించారు. ఇంకెవరో కోరస్ అందుకున్నారు. మధ్యలో నవ్వులు. పాట అయ్యాక "బాపుకు భయమైతె సప్పుడు తక్కువ వెట్టి ఇనుమను. చెల్లె పైలం" అన్నాడు. టక్కుమని ఆగింది.

నన్ను ఏమీ అడగలేదు. అడుగుతాడని ఇరవై తొమ్మిదేళ్లు నేను అనుకున్నాను.

అవ్వ ఒక్కసారి విని ఉంటే బాగుండేది. ఆమెను బలవంతపెట్టి ఉండాల్సింది. మీ ఇళ్లలో కూడా ఇలాంటి డబ్బాలు ఉండే ఉంటాయి. రీలు అతుక్కుపోకముందే తీయండి.

మనవడు ఆ పాటను బంధువులందరి ఫోన్లకూ పంపాడు. "ఎవరికైనా ఇవ్వండి, అమ్మకండి" అని కింద రాశాడు. పోయేముందు రోజు రాత్రి గిటారు మీద ఆ బాణీ పట్టుకోవాలని కూచున్నాడు. నేను అటక ఎక్కించిన పెట్టె మళ్లీ దింపాను. అవ్వ చాట తీసి, తుడిచి, వాడి పక్కన పెట్టుకుని కూచున్నాను.