ఉత్త చేతులతో మత్తడి దగ్గరికి



పోయిన ఉత్తరమంతా ఎండల మీద మొత్తుకున్నాను. ఈసారి నీళ్ల కబురు. మొన్న రాత్రంతా దంచికొట్టింది. తెల్లారగానే చెప్పులు చేతబట్టుకుని, తుంగతుర్తి నుంచి పొలాల గట్ల వెంబడి గంటన్నర నడిచి ఒక చెరువు మత్తడి (అలుగు) చేరుకున్నాను.

మన చేపలు మత్తడి ఎక్కడం చూడాలని పంతం పట్టించింది మా మేనల్లుడే. సియాటిల్‌లో ఉంటాడు. అక్కడి బల్లార్డ్ లాకుల దగ్గర చేపల కోసమే కట్టిన 21 మెట్లను సాల్మన్లు ఒక్కొక్కటే ఎక్కుతుంటే ఫోనులో చూపించి, "మామా, మన దగ్గర ఇసొంటివి ఉండయి గదా" అన్నాడు.

మత్తడి జానెడు మందాన దుంకుతోంది. కింద బండల మధ్య నురగ తప్ప మొదట ఏమీ కనపడలేదు. కాసేపటికి వేలెడంత పరక చేప తళుక్కున ఎగిరి, బండకు తగిలి పడింది. మళ్లీ ఎగిరింది. ఓ పక్కన పలచగా జారే నీళ్లలో ఒక జెల్ల ఒళ్లంతా మెలికలు తిప్పుతూ పైకి పాకుతోంది. ఎనిమిదిసార్లు జారింది, లెక్కపెట్టాను. ఆ తర్వాత కనిపించలేదు. ఎక్కిందో, కొట్టుకుపోయిందో.

అప్పటికే పదిమంది ఊతలు, వలలతో దిగారు. "ఏంది సార్, ఉత్త చేతులతోనే వచ్చిండ్రు?" అన్నాడొకాయన. చూద్దామని వచ్చానంటే అందరూ నవ్వారు. వాళ్ల బుట్టలో చేపల పొట్టలు గుడ్లతో ఉబ్బి ఉన్నాయి. మిరుగం (మృగశిర కార్తె) నాడు చేప కూర లేకపోతే ముద్ద దిగనివాణ్ణి, నేనెవరిని తప్పుపట్టను?

కొత్తనీరు తగలగానే ఈ చేపలకు గుడ్లు పెట్టే వేళైందని తెలుస్తుంది. వరద పరుచుకున్న పలచటి నీళ్లలో పిల్లలకు మేత దండి, అందుకే ఎదురెక్కుతాయి. రవ్వ, బొచ్చె అయితే పారే వరద లేనిదే గుడ్లు పెట్టవు, చెరువులో ఎన్నేళ్లు పెరిగినా అంతే. ఆ చిక్కు విప్పడానికే చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి 1957 జూలై 10న ఒడిశాలో కార్ప్ జాతి చేపకు పిట్యూటరీ రసం ఎక్కించి గుడ్లు పెట్టించాడు. ఇవాళ మన చెరువుల్లో వదిలే రవ్వ, బొచ్చె పిల్లలకు అలాంటి సూదే వాన.

సాల్మన్ తీరున సముద్రం నుంచి ఎదురీదే చేప మనకూ ఉంది, గోదావరి పులస. సముద్రంలో విలస, ఎర్రనీటికి ఎదురీదాక పులస. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పులస తిరిగి సముద్రానికి పోతుంది, వలకు చిక్కకపోతే. ధవళేశ్వరం ఆనకట్ట దానికి అడ్డు. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత మనకుంది, దాని ఈత మీద మాత్రం ఒక్కటీ గుర్తురావడం లేదు.

మేనల్లుడు చూపించిన 21 మెట్లు మా ఊళ్లకు అక్కర్లేదు. కొన్ని మత్తళ్ల కింద నిట్టనిలువు సిమెంటు గోడ ఉంటుంది, అక్కడ చేప ఎగిరెగిరి సొలసిపోతుంది. నాలుగు బండలు వాలుగా పేరిస్తే చిన్నచేపలైనా ఎక్కుతాయి.

మీ ఊరి మత్తడి దుంకిన రోజు ఒక్క పూట వెళ్లి చూడండి. ఊత ఇంట్లోనే పెట్టండి. ఏమేం ఎక్కాయో, మీ వైపు వాటినేమంటారో రాయండి. మా పరకకు మీ దగ్గర ఇంకో పేరుంటుంది, అదీ కావాలి నాకు.