నీలం తెర అడిగిన ప్రశ్న

మా ఇంట్లో ఓ పాత కంప్యూటర్ ఉంది. మా అమ్మాయి బొమ్మలు గీసుకుంటుందని దాంట్లో లినక్స్ వేసి, గ్రాఫిక్స్ కార్డుకి డ్రైవర్ ఎక్కించాను. తిరిగి ఆన్ చేస్తే తెర మీద అన్నీ లావుగా, మసకగా ఉన్నాయి! రెండు శనివారాలు ఆ డ్రైవర్ తీయడం, మళ్ళీ వేయడంతోనే సరిపోయింది. చివరికి కార్డే పాడైందని తేల్చేశాను.

"నాన్నా, మధ్యలో నీలం తెర వచ్చి ఏదో అడుగుతోంది. నువ్వు చదవడం లేదు" అంది మా తొమ్మిదేళ్ళ అమ్మాయి.

నిజమే! ఆ తెర పది సెకన్లు ఎదురుచూసి మాయమైపోతోంది. కంప్యూటర్లో 'సెక్యూర్ బూట్' అనే కాపలాదారు ఉంటాడు. తనకు తెలిసిన సంతకం లేకపోతే డ్రైవర్‌ని లోపలికి రానివ్వడు. డ్రైవర్ వేసేటప్పుడు మనచేత ఓ పాస్‌వర్డ్ పెట్టిస్తారు. తిరిగి ఆన్ చేయగానే వచ్చే ఆ నీలం తెరలో 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొడితే, ఆ సంతకాన్ని కాపలాదారు గుర్తుపెట్టుకుంటాడు. అలాగే చేశాం. బొమ్మ అద్దంలా తేటపడింది!

"పోయిన వారమే చెప్పాను కదా. నువ్వు 'ఉండమ్మా' అన్నావు" అంది.

నాకు మాట రాలేదు. తెలుగు బడి హోంవర్క్‌లో ఒక్క ఒత్తు వదిలేసినా "సరిగ్గా చూసి చదువు" అని కసిరేది నేనే. కొత్త కార్డు ఖర్చు తప్పిందన్నది చిన్న సంగతి. ఇప్పుడు తను ఏదైనా చెబుతుంటే 'ఉండమ్మా' అనడం మానేశాను.