మంచాలలో ఒక రాత్రి నిద్ర

మా వైపు పెద్దవాళ్లు మంత్రాలయం చూసొచ్చామని అనరు, నిద్ర చేసి వచ్చామంటారు. దర్శనానికేం, రద్దీ లేని రోజైతే అరగంట. రాయరు అని పిలుచుకునే రాఘవేంద్రస్వామి సన్నిధిలో ఒక రాత్రి ఒళ్లు వాల్చకపోతే మొక్కు తీరినట్టు కాదని వాళ్ల లెక్క. అందుకే ఇక్కడ బస్సు దిగినవాడు గుడి ఎక్కడని అడగడు, రూము దొరుకుతుందా అని అడుగుతాడు. ఊరి పాత పేరు మంచాల. గురువారం పూట మంచాలలో మంచం దొరకదు.

రైల్లో వచ్చేవాళ్లు మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగాలి. ఒకప్పుడు దాని పేరు తుంగభద్ర. అక్కడినుంచి ఊరు సుమారు 15 కిలోమీటర్లు. "ఏరు కనబడే రూము కావాలయ్యా" అని ఆటో అతనికి చెబితే అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఏరు కనబడతాది సార్. నీళ్లు కనబడాలంటే హోస్పేట డ్యాము కాడ గేట్లు ఎత్తాల."

అతని మాట నిజమే. ఎండాకాలం తుంగభద్రలో నీటికన్నా బండలే ఎక్కువ. ఆ బండల మధ్య మడుగుల్లోనే స్నానాలు, సంకల్పాలు. అదే ఏరు 2009 అక్టోబరు మొదట్లో ఊళ్లోకే వచ్చింది. మఠం, వీధులు, సత్రాలు మునిగాయి; నిద్ర చేయడానికి వచ్చినవాళ్లు మేడల మీద జాగారం చేశారు. ఏటి పక్క గదికి ఎక్కువ అద్దె ఇచ్చేముందు ఆ రెండు ముఖాలూ గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోలేదు. మొదటిసారి ఒక కొత్త లాడ్జిలో 'రివర్ వ్యూ' అంటే నమ్మి డబ్బులు కట్టాను. కిటికీ తీస్తే పక్క లాడ్జి నీళ్ల ట్యాంకు కనబడింది. పోనీలే, అదీ నీళ్లే!

ఈసారి పాత సత్రంలో దిగాను. కింద నాపరాళ్లు. పగటి ఎండను అవి రాత్రి పదకొండు దాటినా వదల్లేదు. చాప పరుచుకున్నా వీపుకి వెచ్చగా తగులుతూనే ఉంది. వరండా పొడుగునా కట్టిన తాడు మీద తడి పంచెలు, రవికలు, ఒక పిల్లవాడి నిక్కరు. స్తంభానికి ఆనుకుని ఒకావిడ బొరుగుల సంచి విప్పి, ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా పంచింది. ఆవిడ వచ్చి నాలుగు రోజులయిందట. రోజూ వేకువన ఏట్లో మునిగి, తడి బట్టలతోనే స్వామి సమాధి అయిన బృందావనం చుట్టూ ప్రదక్షిణలు. కొందరు పొర్లుదండాలు పెడతారు. మనం ఒక రాత్రి ఉండి నిద్ర చేశామని చెప్పుకుంటాం, ఆవిడ సంకల్పం ఏడు రోజులు.

గుమాస్తా "ఎష్టు జన?" అని అడిగాడు. ఒక్కణ్నేనన్నాను. "ఒక్కరేనా సార్" అని తెలుగులోకి దిగాడు. ఆంధ్ర నేల మీద ఉన్నా ఈ ఊరి నోట కన్నడమే ముందు పలుకుతుంది. బోర్డులు కన్నడం, బస్సులు సగం కర్ణాటకవి, అవతలి గట్టు రాయచూరు జిల్లా. రాఘవేంద్రస్వామి పుట్టింది మాత్రం తమిళనాట భువనగిరిలో. ఊరిని ఇనాముగా ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అంటారు. తనను పరీక్షించాలని నవాబు పంపిన మాంసం పళ్లెం మీద స్వామి నీళ్లు చల్లితే పళ్లయ్యాయని కథ. 1671లో శ్రావణ బహుళ విదియనాడు స్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఏటా ఆ విదియకు ముందొక రోజు, వెనకొక రోజు కలిపి జరిపే ఆరాధనకు ఊళ్లో చాప పరిచేందుకూ చోటుండదు.

ఈ ఇనాము చుట్టూ ఇంకో కథ ఉంది. దత్త మండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పన్ను లెక్క తేల్చడానికి ఇక్కడికి వస్తే, స్వామి బృందావనంలోంచే ఆయనతో మాట్లాడారట. పక్కనున్నవాళ్లకు ఏమీ వినబడలేదట. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. సీమలో మన్రోలప్ప అని బిడ్డలకు పేరు పెట్టుకున్న ఇళ్లు ఉండేవన్నది మాత్రం కథ కాదు. పన్ను వసూలు చేసే దొర పేరు బిడ్డకు పెట్టుకున్న చోటు ఇంకెక్కడైనా ఉందా?

తెల్లవారి ముందు మంచాలమ్మకు దండం పెట్టాను. స్వామికన్నా ముందు ఆవిడను చూడాలి. ఊరు ఆవిడది, స్వామి కూడా ఆవిడ అనుమతితోనే ఉన్నారని ఇక్కడి మాట. ఆ తర్వాత చొక్కా విప్పి వరసలో నిలబడ్డాను. బయటికొచ్చేసరికి ఎనిమిది. బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి. నానిన బొరుగుల్లో పుట్నాల పొడి, నిమ్మరసం. బజ్జి కొరికితే కళ్లలో నీళ్లు. ప్రసాదం భోజనం దాకా ఆగుదామనుకున్న నిష్ఠ అక్కడే పోయింది.

తాళంచెవి ఇచ్చేందుకు వెళితే గుమాస్తా ముందు అప్పటికే ఇంకో కుటుంబం నిలబడి ఉంది. నా గది నంబరే వాళ్లకు రాశాడు. ముసలావిడ సంచి కింద పెట్టకుండానే అడిగింది, "హొళేలి నీరు ఇదెయా?"

"మోకాలి దాకా ఉన్నాయమ్మా" అన్నాడు, రిజిస్టరులోంచి తలెత్తకుండా.