కొండవీటి మెట్ల మీద పిల్లలతో

2020 మార్చి ఆఖరున లాక్‌డౌన్ పెట్టిన నాటి నుండి మా పిల్లలకు ఇల్లే బడి, ఇల్లే ఆటస్థలం అయిపోయింది. సండేస్కూలు కూడా ఫోనులోనే. ఏడు నెలలు గడిచేసరికి పెద్దవాడు మాటకు ముందే విసుక్కోసాగాడు. ఎనిమిదేళ్ళ పాప రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేది. బయటికి పంపుదామంటే ఇంట్లో షుగరు, ఆయాసంతో బాధపడే నాయనమ్మ ఉన్నారు. పిల్లలను మూసిపెడితే వాళ్ళు వాడిపోతారు. వదిలిపెడితే ఆమెకు ముప్పు. చాలా రోజులు ఇలా నలిగి, ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, నవంబరులో కొండవీడు వెళ్ళి వద్దామని నిశ్చయించుకున్నాం.

కొండవీడు గుంటూరుకు పడమరగా సుమారు 25 కిలోమీటర్లు. 2022 నుండి పల్నాడు జిల్లాలో ఉంది. రెడ్డిరాజులు రాజధానిగా ఏలిన దుర్గం. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దీన్ని గెలుచుకున్నాడు. కొండమీద ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులున్నాయి. పైకి ఘాట్ రోడ్డు ఉన్నా, పిల్లల కాళ్ళు కదలాలని పాత కాలిదారినే ఎంచుకున్నాం.

ముందుగా కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మా కుటుంబం తప్ప వేరెవరినీ కలుపుకోలేదు. ఆటో ఎక్కకుండా మా బండ్లమీదే వెళ్ళాం. జనం ఉండని వారం మధ్య రోజు చూసుకొని, తెల్లవారకముందే బయలుదేరాం. మంచినీళ్ళు, పులిహోర, సబ్బు ఇంటినుండే పట్టుకెళ్ళాం. మెట్లెక్కుతూ ఆయాసపడే పిల్లలకు మాస్కు బిగించి ఉంచడం మంచిది కాదు. కాబట్టి దారి ఖాళీగా ఉన్నప్పుడు తీసి, మనుషులు కనబడగానే పక్కకు ఆరడుగులు జరిగి పెట్టుకోవాలని నేర్పాం. నాలుగేళ్ళ చిన్నవాడికి అసలు మాస్కు పెట్టలేదు. అయిదేళ్ళలోపు వారికి అది తప్పనిసరి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే చెప్పింది. నడక చిన్నవాడి అడుగును బట్టే. పది గంటలకు ఎక్కడ ఉంటే అక్కడినుండి వెనక్కి తిరగాలి.

సీతాఫలం చెట్ల మధ్య ఎక్కుతుంటే పిల్లల ముఖాలు విప్పారాయి. పాప నాచుపట్టిన రాతిమీద జారి మోకాలు చీరుకుంది. కడిగి, దూది పెట్టి కట్టు కట్టాం. ఆ రోజుల్లో ఆసుపత్రికి వెళ్ళాలంటేనే భయం. అందుకే గోడలెక్కనివ్వలేదు, అడ్డదారులు తొక్కనివ్వలేదు, నీళ్ళ దగ్గరికి చెయ్యి వదిలి పోనివ్వలేదు.

ఒక చెరువు గట్టు చేరేసరికి తొమ్మిదయింది. ఎదురుగా ఇరుకు దారిలో ఇరవైమంది దాకా కుర్రవాళ్ళు గుంపుగా నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒక్కరికీ మాస్కు లేదు. వాళ్ళ మధ్యనుండి తప్ప పైకి దారి లేదు. కాసేపు ఆగి చూశాం, వాళ్ళు కదలలేదు. "వెనక్కి పోదాం" అన్నాం. పెద్దవాడు కోట బురుజు ఎక్కుదామనే ఆశతో నెలరోజులు ఎదురుచూసినవాడు. నేలమీద కూలబడి ఏడ్చాడు. "ఇంకా గంట ఉందిగా నాన్నా!" అన్నాడు. "బురుజు రేపూ ఉంటుంది రా. నాయనమ్మ కూడా ఉండాలి కదా" అన్నాం. వాడు కళ్ళు తుడుచుకొని, తమ్ముడి చెయ్యి పట్టుకొని దిగడం మొదలుపెట్టాడు.

ఇంటికి రాగానే స్నానాలు చేసి, బట్టలు నానబెట్టాం. నాయనమ్మ గది గుమ్మం ఇవతలే కూర్చొని పిల్లలు కొండ కబుర్లన్నీ చెప్పారు. ఆ రాత్రి పాప తెల్లవారేదాకా కదలకుండా నిద్రపోయింది.

తల్లిదండ్రులారా, మళ్ళీ అటువంటి జబ్బు ఏదైనా వస్తే పిల్లలను చీకటి గదుల్లోనే ఉంచకండి. తలుపులు మూసిన గదిలో గుమికూడడం కంటే ఆరుబయట గాలిలో అంటు భయం చాలా తక్కువ. అయితే బయలుదేరేటప్పుడే వెనక్కి తిరిగే మనస్సు కూడా వెంటబెట్టుకొని వెళ్ళండి.

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మేలో ప్రకటించారు. ఆ చలికాలంలో నాయనమ్మను కారులో కూర్చోబెట్టుకొని ఘాట్ రోడ్డు మీదుగా కొండవీడు తీసుకెళ్ళాం. మీసాలు మొలుస్తున్న పెద్దవాడు ఆమె చెయ్యి పట్టి గట్టుమీద నిలబెట్టి, "ఇక్కడినుండే తిరిగొచ్చాం నాయనమ్మా" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. వాడి తల నిమిరి, చాలాసేపు ఆ నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డారు.